కిలిమంజారో ఆరోహణము

టాంజానియా దేశపు ఈశాన్యభాగమున, భూమధ్యరేఖకు దక్షిణముగా మూడు డిగ్రీల దూరమున కిలిమంజారో పర్వతము కలదు. ఏ పర్వతపంక్తితోను సంబంధము లేక, విశాలమైన మైదానముల నడుమ అది ఒంటరిగా నిలిచియున్నది. దాని ఎత్తు 5,895 మీటర్లు, అనగా సుమారు 19,340 అడుగులు. ఆఫ్రికా ఖండమున దీనిని మించిన శిఖరము లేదు. సూర్యుడు నడినెత్తిన మండు ఆ ప్రదేశమున ఈ కొండ తలపై మాత్రము మంచు మెరయుచుండును. 1848వ సంవత్సరమున యోహానెస్ రెబ్‌మాన్ అను జర్మను మతబోధకుడు ఈ మంచును చూచి లోకమునకు తెలియజేసెను. భూమధ్యరేఖ చెంత మంచు ఉండుట అసంభవమని తలచి ఐరోపా పండితులు కొందరు ఆ మాటను నమ్మరైరి.

కిలిమంజారో అగ్నిపర్వతము. షీరా, మావెంజి, కిబో అనునవి దాని మూడు శిఖరములు. వీనిలో మొదటి రెండును ఎన్నడో చల్లారిపోయినవి. కిబో మాత్రము నిద్రాణస్థితిలో నున్నది. కిబో బిలపు అంచున నున్న అత్యున్నత స్థానమునకు ఉహురు అని పేరు. స్వాహిలీ భాషలో ఉహురు అనగా స్వాతంత్ర్యము. జర్మనులు ఆ సీమను ఏలిన కాలమున దానికి తమ చక్రవర్తి పేరు పెట్టుకొనిరి. 1961 డిసెంబరులో టాంగన్యీకా స్వతంత్రమైనపుడు ఈ కొండ కొమ్మున జ్యోతి వెలిగించి, జాతీయపతాకమును నిలిపిరి. ఆ టాంగన్యీకాయే 1964లో జాంజిబారుతో కలిసి టాంజానియా అయినది.

ఈ కొండను ఎక్కుటకు సామాన్యముగా వాడుకలో నున్న దారులలో త్రాళ్లతోను, మంచుగొడ్డళ్లతోను పని లేదు. కాళ్లలో సత్తువ గలవారు నడచియే శిఖరము చేరవచ్చును. అయినను బయలుదేరిన వారందరును పైకి చేరలేరు. మిక్కిలి బలవంతులైన యువకులు సగము దారిలో కూలబడుటయు, వారికంటె వయసు మీరినవారు నెమ్మదిగా శిఖరము చేరుటయు అచ్చట సాధారణముగా కనబడును. ఇందుకు కారణము కొండ నిటారుతనము కాదు, అచ్చటి గాలి.

సముద్రమట్టము నొద్ద మనపై నున్న వాయుమండలపు బరువు గాలిని గట్టిగా అదిమియుంచును. పైకి పోయినకొలది ఆ బరువు తగ్గి గాలి పలుచనగును. గాలిలో ప్రాణవాయువు పాలు ఎచ్చటనైనను ఇంచుమించు అయిదింట ఒక వంతే. కాని పలుచని గాలిలో ఒక్కొక్క శ్వాసతో లోనికి పోవు ప్రాణవాయువు తక్కువ. కిలిమంజారో శిఖరమున గాలిపీడనము సముద్రమట్టపు పీడనములో సుమారు సగము మాత్రమే. అందుచేత అచ్చట రెండు శ్వాసలు తీసినను క్రింద ఒక శ్వాసతో దొరకునంత ప్రాణవాయువే దొరకును.

మానవశరీరము ఈ లోటును కొంతవరకు సవరించుకొనగలదు. మొదట శ్వాస వేగమగును. గుండె త్వరితముగా కొట్టుకొనును. కొన్ని దినములలో మూత్రపిండములు రక్తములోని లవణములను సరిచేసి, శ్వాస మరింత లోతుగా సాగుటకు వీలు కల్పించును. కొన్ని వారములకు ప్రాణవాయువును మోయు ఎర్రకణములు వృద్ధిపొందును. కాని శరీరమునకు ఈ పనులన్నిటికిని కాలము కావలయును. ఆ కాలమును ఇవ్వక తొందరపడిన వానికి, వాడు ఎంతటి బలశాలియైనను, కొండ లొంగదు.

ఈ సత్యమును తొలి ఆరోహణచరిత్రయే చాటుచున్నది. జర్మనీ దేశీయుడైన హాన్స్ మాయర్ 1887లో కిబోను ఎక్కబోయి, మంచుగోడలు అడ్డుపడగా వెనుదిరిగెను. 1889లో మరల వచ్చినపుడు అతడు కొండపై పలుచోట్ల మజిలీలు ఏర్పరచి, వానికి క్రిందినుండి ఆహారము అందునట్లు కట్టుదిట్టము చేసికొనెను. అందుచేత ఒక ప్రయత్నము విఫలమైనను కొండ అడుగువరకు దిగిపోవలసిన అగత్యము లేకపోయెను. 1889 అక్టోబరు 6వ తేదీన మాయరును, ఆస్ట్రియా దేశపు పర్వతారోహకుడు లుడ్విగ్ పుర్‌షెల్లరును శిఖరమున కాలు మోపిరి. కొండ క్రింది వాలులలో నివసించు చగ్గా జాతి యువకుడు యోహాని కిన్యాలా లౌవో వారికి దారి చూపెనని ప్రసిద్ధి.

నేడు కిలిమంజారో ఒక జాతీయోద్యానవనము. అనుమతి పొందిన మార్గదర్శి లేనిదే ఎవరును కొండ ఎక్కరాదు. కావున యాత్రికులు జట్లుగా వత్తురు. ఒక్కొక్క జట్టుకు ఒక ప్రధాన మార్గదర్శి, సహాయకులు, వంటవాడు, మోతగాండ్రు ఉందురు. మరంగు దారిన పోవువారు మొదట ద్వారము నొద్ద పుస్తకమున తమ పేరు, వయస్సు, దేశము వ్రాసి సంతకము చేయుదురు. మోతగాండ్ర మూటలను అచ్చట త్రాసులో తూచుదురు. ఒక్కొక్కనిపై 20 కిలోలకు మించిన మోత పెట్టరాదని నియమము. కొండపైని ఆహారము, వంటసామగ్రి, యాత్రికుల దుస్తులు అన్నియు వారి తలలపైనను, భుజములపైనను సాగవలసినవే.

మొదటి దినమున దారి దట్టమైన అడవిలో నుండి పోవును. చెట్లనుండి నాచు వ్రేలాడుచుండును. నలుపు తెలుపు రోమములు గల కొలోబస్ కోతులు కొమ్మలపై కూర్చుండి బాటసారులను చూచుచుండును. దారి మెత్తగా, చల్లగా నుండుటచే నూతనోత్సాహముతో వచ్చినవారి కాళ్లు తొందరపడును. అప్పుడు మార్గదర్శి నోట వినబడు మాట "పోలె పోలె". మెల్లగా, మెల్లగా అని దాని అర్థము. ప్రధాన మార్గదర్శి ముందు నడచును. సహాయకుడు అందరికంటె వెనుక నడచును. ముందు నడచువానిని ఎవరును దాటిపోరాదు; వెనుక నడచువానికంటె ఎవరును వెనుకబడరాదు. నడచుచు మాటలాడగలిగినంత మెల్లగా నడువవలయునని వారి సూత్రము. మాట తడబడుచున్నదనిన, నడక మితిమీరినదని అర్థము. సాయంకాలమునకు జట్టు సుమారు 2,720 మీటర్ల ఎత్తుననున్న మందారా విడిదిని చేరును.

రెండవ దినమున అడవి వెనుకబడి పొదలు, గడ్డిభూములు కానవచ్చును. ఇచ్చటి మొక్కలు చలికి తగిన ఉపాయములు నేర్చినవి. మనిషికంటె ఎత్తుగా పెరుగు సెనీషియో వృక్షములు తమ ఎండుటాకులను రాల్చక, కంబళివలె మానుచుట్టును కప్పుకొనియుండును. లొబీలియా మొక్క పగలు విప్పిన ఆకులను రాత్రి దగ్గరకు ముడిచి, నడిమి మొగ్గను మంచునుండి కాపాడుకొనును. ఆనాటి విడిది హొరొంబో. ఎత్తు సుమారు 3,720 మీటర్లు.

మూడువేల మీటర్లు దాటిన పిదప నిద్రించు చోటు దినమునకు 500 మీటర్లకు మించి పెరుగరాదని వైద్యుల హితవు. మరంగు దారిలోని మజిలీల నడుమ ఎత్తు అంతకు రెట్టింపు. అందుచేతనే వివేకము గల జట్లు మూడవ దినమున ముందుకు సాగక హొరొంబోలోనే నిలుచును. నిలుచుట అనగా పరుండుట కాదు. చారలు తేలియున్న ఒక శిలాప్రాకారమువరకు ఎక్కి, కొంతసేపు ఆ పలుచని గాలిని పీల్చి, మరల క్రిందికి దిగి నిద్రింతురు. పగలు ఎత్తునకు పోయి రాత్రి పల్లమున పరుండుట శరీరమునకు మంచి శిక్షణ. ఒకదినము వృథాయైనదని విసుగుకొనువారు ఉందురు. కాని ఆ దినమును మిగుల్చుకొనవలెనని చూచినవారే పెక్కుమారులు శిఖరమును పోగొట్టుకొందురు.

ప్రతి సాయంకాలమును మార్గదర్శి ఒక్కొక్కరిని పలుకరించును. తలనొప్పి ఉన్నదా? అన్నము రుచించినదా? నిద్ర పట్టినదా? వ్రేలికి చిన్న యంత్రము తగిలించి రక్తములోని ప్రాణవాయువును, నాడిని పరీక్షించును. ఎత్తున తలనొప్పి, వికారము, ఆకలిమాంద్యము కలుగుట వింత కాదు. ఇవి స్వల్పముగా నున్నపుడు విశ్రాంతితో తగ్గిపోవచ్చును. కాని ఈ సమయముననే కొందరు పెద్దపొరపాటు చేయుదురు. తమను వెనుకకు పంపుదురేమో యను భయముచే బాధను దాచి, "ఏమియు లేదు" అని బదులిత్తురు. అది ధైర్యము కాదు. వ్యాధి ముదిరినచో ఊపిరితిత్తులలో నీరు చేరి కూర్చున్నను ఆయాసము తగ్గదు. లేదా మెదడు వాచి నడక తడబడును, మాట తప్పును. ఈ రెండును ప్రాణాంతకములు. వీనికి అన్నిటికంటె ముఖ్యమైన చికిత్స ఒక్కటే: వెంటనే క్రిందికి దింపుట. కావున యాత్రికుడు మార్గదర్శికి చెప్పవలసినవానిలో మొదటిది నిజము.

నాలుగవ దినమున మొక్కలును కనుమరుగగును. కిబో, మావెంజి శిఖరముల నడుమ రాళ్లు, బూడిదమన్ను తప్ప మరేమియు లేని ఎడారివంటి మైదానము దాటి, సుమారు 4,700 మీటర్ల ఎత్తుననున్న కిబో విడిదిని చేరుదురు. ఆ రాత్రి నిద్ర కొన్ని గంటలే. అర్ధరాత్రివేళ అందరిని లేపి, వేడి టీ ఇచ్చి, నుదుటి దీపములతో బయలుదేరదీయుదురు. రాత్రి చలికి వాలున నున్న రాళ్లపొడి గడ్డకట్టి కొంత గట్టిపడియుండును. తెల్లవారునప్పటికి పైకి చేరినచో, పగలు మేఘములు క్రమ్ముటకు ముందే దిగిరావచ్చును.

ఆ నడక కఠినమైనది. ఉష్ణము సున్నకంటె చాల దిగువకు పడిపోవును. సీసాలలో నీరు గడ్డకట్టును. ఒక అడుగు వేసి, ఊపిరి తీసి, మరల ఒక అడుగు వేయవలయును. అట్టి సమయమున జట్టులో ఒకని నడక త్రాగినవానివలె తూలుట సహాయకుని కంటబడిన దనుకొనుడు. అతనిని నిలిపి, మడమకు వ్రేళ్లు తగులునట్లు సరళరేఖపై నడువుమందురు. నడువలేనిచో మార్గదర్శి నిర్ణయము క్షణములో జరుగును. శిఖరము ఎదుట కనబడుచున్నను, ఆ యాత్రికుడు బ్రతిమాలినను, ఎంత ధనము వెచ్చించి వచ్చితినని చెప్పినను ఆ మాట మారదు. సహాయకుడు చేయి పట్టుకొని అతనిని క్రిందికి దింపును. తక్కిన జట్టు ముందుకు సాగును. సహాయకుని వెంట తెచ్చుట ఇట్టి ఘడియ కొరకే.

ముందుకు సాగినవారు తూరుపు తెల్లవారువేళకు బిలపు అంచున నున్న గిల్మన్ స్థానమును, అటుపై ఉహురును చేరుదురు. క్రింద మేఘములు సముద్రమువలె పరచుకొనియుండగా, వాని పైనుండి సూర్యుడు ఉదయించును. రెబ్‌మాన్ చూచిన మంచు ఇప్పుడు చాలవరకు తరిగిపోయినది. 1912కును 2011కును నడుమ ఆ హిమరాశుల విస్తీర్ణములో నూటికి 85 వంతులు కరగిపోయినవి.

తెలుగునాటి బాలిక మాలావత్ పూర్ణ 2016లో ఈ శిఖరమును ఎక్కినది. అంతకుముందే, 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండకయే ఆమె ఎవరెస్టును అధిరోహించినది. నిజామాబాదు ప్రాంతపు గిరిజన కుటుంబమున పుట్టిన ఆమె మొదట భువనగిరి బండపై ఎక్కుట నేర్చి, తరువాత డార్జిలింగు, లడఖు కొండలలో అభ్యసించి, ఆ పిమ్మటనే ఎవరెస్టుకు పోయినది. మజిలీ తరువాత మజిలీ అను నియమము ఆమె విషయమునను తప్పలేదు.

శిఖరమున యాత్రికులు నిలుచునది కొద్ది నిమిషములే. తరువాత దిగుడు ఆరంభమగును. ఆరవ దినమున జట్టు మరల మరంగు ద్వారమును చేరును. అచ్చట మార్గదర్శి తన జట్టువారిని లెక్కపెట్టుకొనును. శిఖరము చేరినవారును, మధ్యనుండి దిగివచ్చినవారును ఒకే పుస్తకమున మరల సంతకము చేయుదురు. లోనికి పోయిన పేర్లన్నియు తిరిగివచ్చిన పేర్లైనచో ఆ మార్గదర్శి తృప్తిగా నవ్వును. అతని లెక్కలో ఆరోహణము ముగియునది శిఖరమున కాదు, ఆ పుస్తకమున.