ఆహార రుగ్మతల పరిశోధనలో యువత అనుభవం: కొలమానం, భాష, కోలుకోవడం

వ్యాససంగ్రహం:
ఆహార రుగ్మతలను గుర్తించడానికి వాడే ప్రశ్నావళులు, నిర్ధారణ సూత్రాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాలలో రూపొందాయి. ఆసియాలో జరిగిన కొన్ని అధ్యయనాలు వాటి పరిమితులను చూపాయి. రోగాన్ని గుర్తించడంలోనూ, కోలుకోవడాన్ని నిర్ణయించడంలోనూ యువత తన అనుభవాన్ని చెప్పుకొనే మాటలకు గల ప్రాధాన్యాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఆహార రుగ్మతలు, అనొరెక్సియా నెర్వోసా, ప్రశ్నావళి, ఉపవాసం, కోలుకోవడం.

1. ఉపోద్ఘాతం:
1873లో పారిస్‌లో లాసెగ్, లండన్‌లో విలియం గల్ తిండి మానేసి కృశించిపోతున్న యువతుల స్థితిని దాదాపు ఒకే సమయంలో వర్ణించారు. గల్ పెట్టిన ‘అనొరెక్సియా నెర్వోసా’ అనే పేరు స్థిరపడింది. గ్రీకు మూలంలో ‘అనొరెక్సియా’ అంటే ఆకలి లేకపోవడం. నిజానికి ఈ రోగులలో చాలామందికి ఆకలి ఉంటుంది. దానిని అణచుకోవడంలోనే రోగమంతా ఉంది. అందువల్ల ఆయుర్వేద పరిభాషలోని ‘అరోచకం’ గానీ, వాడుకలోని ‘అరుచి’ గానీ దీనికి సమానార్థకాలు కావు. అతిగా తిని, ఆపై బరువు పెరగకుండా హానికరమైన పద్ధతులను ఆశ్రయించే బులీమియా నెర్వోసాను 1979లో జెరాల్డ్ రసెల్ వేరుగా నిర్వచించారు. మానసిక రుగ్మతలలో మరణాల రేటు ఎక్కువగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి. కాబట్టి పేరులోనూ, ప్రశ్నలోనూ జరిగే పొరపాటు పరిభాషకు మాత్రమే పరిమితమైన సమస్య కాదు.

2. ప్రశ్నావళి - సంస్కృతి:
1982లో డేవిడ్ గార్నర్ బృందం ప్రకటించిన 26 ప్రశ్నల ‘ఈటింగ్ ఆటిట్యూడ్స్ టెస్ట్’ విస్తృతంగా వాడుకలో ఉంది. అందులో 20, ఆపైన మార్కులు వచ్చినవారిని నిపుణులు మరింత పరిశీలించాలి. మైకేల్ కింగ్, దినేశ్ భుగ్రా దీనిని ఉత్తర భారతంలోని పాఠశాల విద్యార్థినులకు ఇచ్చి 1989లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు 29 శాతం మంది ఆ హద్దు దాటారు. అయితే జవాబులను విడివిడిగా చూసినప్పుడు, కొన్ని ప్రశ్నలను విద్యార్థినులు తమ సామాజిక, సాంస్కృతిక నేపథ్యాన్ని బట్టి వేరే అర్థంలో తీసుకున్నట్లు తేలింది.

ఇదే ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చినా ఈ చిక్కు తప్పదు. ఆహారాన్ని చిన్న ముక్కలుగా కోసుకుంటారా అన్న ప్రశ్నకు, అన్నం కలుపుకొని ముద్దలు చేసుకొని తినే ఇంట్లో అర్థం మారిపోతుంది. తిండి విషయంలో నిగ్రహం చూపుతారా అన్నది ‘నోరు కట్టుకోవడం’గా, అంటే మెచ్చుకోదగిన గుణంగా వినిపిస్తుంది. ఇంకా తినమని ఇతరులు ఒత్తిడి చేస్తారా అన్నదానికి, కొసరి కొసరి వడ్డించే ఇంటి పిల్లలందరూ అవునంటారు.

ఉపవాసం విషయం మరింత సున్నితమైనది. ఏకాదశి ఉపవాసం ద్వాదశి పారణతో ముగుస్తుంది. దానికి తిథి ఉంది, ఇంటివారి ఎరుక ఉంది. రుగ్మతలోని నిరాహారానికి పారణ లేదు. ‘ఉపవాసం ఉంటారా?’ అని మాత్రమే అడిగే ప్రశ్న ఈ రెంటినీ వేరుచేయలేదు. వ్రతం పేరుతో రుగ్మత దాగే అవకాశాన్నీ అది పట్టుకోలేదు.

3. లావవుతామన్న భయం లేని రోగులు:
హాంకాంగ్‌లో సింగ్ లీ బృందం 1993లో ప్రకటించిన అధ్యయనంలో 70 మంది అనొరెక్సియా రోగులలో 41 మందికి లావవుతామన్న భయం కనిపించలేదు. కడుపుబ్బరం, ఆకలి లేకపోవడం వంటి కారణాలే వారు చెప్పారు. 1995లో ఖండేల్వాల్, శరణ్, సక్సేనా భారతదేశం నుంచి వివరించిన ఐదుగురు యువతులలోనూ తిండి మానడం, బరువు తగ్గడం ఉన్నా, తమ శరీరాకృతిపై వక్రీకృత భావన కనిపించలేదు. 2013లో వెలువడిన అమెరికన్ నిర్ధారణ గ్రంథం ఐదవ కూర్పు లావు భయం మాటల్లో వ్యక్తం కాకపోయినా, బరువు పెరగకుండా అడ్డుకొనే ప్రవర్తన నిరంతరంగా ఉంటే చాలునని నిబంధనను సడలించింది. ఋతుస్రావం ఆగిపోవాలన్న షరతును తొలగించింది.

తెలుగు ఇంట్లో ‘తిండి సయించడం లేదు’, ‘కడుపు నిండినట్లే ఉంటోంది’ అనే అమ్మాయిని ముందుగా ఉదర వ్యాధుల వైద్యుని వద్దకు తీసుకువెళ్లడం సహజం. శారీరక పరీక్షలు అవసరమే. కానీ వాటిలో ఏమీ తేలనప్పుడు ఆ మాటల వెనుక ఏముందో అడిగేవారు లేకపోతే కాలం వృథా అవుతుంది. రసెల్ బృందం 1987లో ప్రకటించిన లండన్ అధ్యయనంలో, 19 ఏళ్లలోపు మొదలై, దీర్ఘకాలికం కాని రోగంలో వ్యక్తిగత చికిత్సకన్నా కుటుంబ చికిత్స మెరుగైన ఫలితమిచ్చింది. ఆలస్యం వల్ల ఈ అవకాశమే చేజారవచ్చు.

4. కోలుకోవడం అంటే ఏమిటి?
1944-45లో ఏన్సెల్ కీస్ నిర్వహించిన మిన్నెసోటా ప్రయోగంలో ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు అర్ధాకలితో నెలల తరబడి గడిపారు. ఎప్పుడూ తిండి గురించే ఆలోచించడం, దిగులు, చిరాకు వారిలో కనిపించాయి. తిరిగి ఆహారం ఇచ్చాక కూడా కొంతకాలం కొనసాగాయి. ఆకలే మనసును మారుస్తుంది కనుక బరువు పునరుద్ధరణ తప్పనిసరి. అయితే అది సరిపోదు. 1999లో లూసీ సెర్పెల్ బృందం రోగులచేత తమ రోగానికి రెండేసి లేఖలు రాయించింది: ఒకటి మిత్రునిగా భావించి, మరొకటి శత్రువుగా భావించి. మిత్రలేఖలలో రక్షణ, అదుపు, ప్రత్యేకత ఇచ్చినందుకు కృతజ్ఞత కనిపించింది. శత్రులేఖలలో స్నేహాలను, ఆరోగ్యాన్ని హరించినందుకు ఆగ్రహం కనిపించింది. రోగం తీర్చిన అవసరాన్ని మరో విధంగా తీర్చుకోలేనివారికి బరువు పెరగడం నష్టంగానే తోచవచ్చు.

ఈ మార్పుకు కాలం పడుతుంది. బోస్టన్‌లో ఎడ్డీ బృందం 2017లో ప్రకటించిన దీర్ఘకాల అధ్యయనంలో అనొరెక్సియా రోగులలో 9 ఏళ్లకు సుమారు 31 శాతం, 22 ఏళ్లకు సుమారు 63 శాతం కోలుకున్నారు. అంటే తొలి దశాబ్దంలో కోలుకోనివారిని నయంకానివారిగా లెక్కగట్టడం తప్పు.

5. ముగింపు:
పై అధ్యయనాల ఆధారంగా తెలుగు ప్రాంతాలలో పరిశోధన చేసేవారు గమనించదగిన అంశాలు:
1. ప్రశ్నావళి అనువాదం సరిపోదు. ప్రతి ప్రశ్నను విద్యార్థులు ఎలా అర్థం చేసుకున్నారో వారిచేతనే చెప్పించుకోవాలి.
2. ఉపవాసం గురించి అడిగినప్పుడు దాని ఆరంభం, ముగింపు, ఇంటివారి ఎరుక, విరమించేటప్పటి మనఃస్థితి కూడా తెలుసుకోవాలి.
3. లావు భయం గురించిన ప్రశ్నతో సంభాషణ మొదలుపెట్టకుండా, బాధను వారి మాటల్లోనే చెప్పనివ్వాలి.
4. కోలుకోవడాన్ని శరీరం, ప్రవర్తన, ఆలోచన అనే మూడు స్థాయిలలో పరిశీలించాలి. సాటివారితో కలిసి నిశ్చింతగా భోజనం చేయగలగడం వంటి మార్పులు బరువు తూచే యంత్రానికి అందవు. అవి కోలుకున్నవారి మాటల్లోనే దొరుకుతాయి.