ఛాంపియన్ రాకెట్ మన చేతికి నప్పుతుందా?

మాది జగిత్యాల జిల్లా సారంగాపూర్. చిన్నప్పుడు కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ తప్ప వేరే ఆట ఆడింది లేదు. టెన్నిస్ అంటే టీవీలో సానియా మీర్జా మ్యాచే. ఇంజినీరింగ్ అయ్యాక ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి, మొదటిసారి కోర్టులో అడుగుపెట్టా. ఫెదరర్ మీద అభిమానంతో 340 గ్రాముల రాకెట్ కొనేశా. మూడు వారాలకే మోచేయి నొప్పి. బంతేమో నెట్ దాటనంది!

ఫోన్ కొనాలంటే ర్యామ్, బ్యాటరీ అన్నీ పోల్చి చూస్తాం కదా. రాకెట్‌కూ స్పెక్స్ ఉంటాయి. ఇవి చూడండి.

బరువు: కొత్తగా నేర్చుకునేవాళ్లకు స్ట్రింగ్స్ లేకుండా 255-285 గ్రాములు చాలు. ఏడాదో రెండేళ్లో ఆడి, చేయి పూర్తిగా తిప్పి కొట్టగలుగుతుంటే 285-305 గ్రాములకు వెళ్లొచ్చు. బరువు పెరిగితే షాట్ నిలకడగా ఉంటుంది, కానీ చేయి త్వరగా అలసిపోతుంది.

హెడ్ సైజు: మొదట్లో 100-110 చదరపు అంగుళాలు మేలు. బంతి సరిగ్గా మధ్యలో తగలకపోయినా అవతలికి వెళ్తుంది. ఆట కుదిరాక, బంతి లైన్ దాటి పోతుంటే 98-100కి మారితే కంట్రోల్ పెరుగుతుంది.

గ్రిప్: రాకెట్ పట్టుకున్నాక వేళ్ల కొసలకూ అరచేతికీ మధ్య రెండో చేతి చూపుడు వేలు పట్టాలి. సందేహం ఉంటే చిన్న సైజే తీసుకోండి. పైన ఓవర్‌గ్రిప్ చుట్టి లావు చేసుకోవచ్చు, లావుగా ఉన్నదాన్ని తగ్గించడం కష్టం.

స్ట్రింగ్స్: ఎంత బిగించాలో ఫ్రేమ్ మీదే పౌండ్లలో రాసి ఉంటుంది. అందులో తక్కువ అంకె వైపు ఉండండి. వదులుగా ఉంటే బంతికి వేగం వస్తుంది, చేతికి అదురు తగ్గుతుంది. గట్టిగా ఉండే పాలియెస్టర్ తీగలు ఇప్పుడే వద్దు.

వీలైతే తోటి ఆటగాళ్ల రాకెట్ అడిగి ఓ గంట ఆడి చూశాకే డబ్బు పెట్టండి. నేను ఈ పని చేయకే నష్టపోయా. ఇప్పుడు నా చేతిలో ఉన్నది 275 గ్రాములది. నొప్పి లేదు, ర్యాలీలు ఆడుతున్నా.

అన్నట్టు, ఫెదరర్ కూడా 2014లో 90 చదరపు అంగుళాల రాకెట్ వదిలి 97కి మారారు. దాంతోనే 2017లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచారు. అంతటి ఆటగాడే తన ఆటకు తగ్గట్టు రాకెట్ మార్చుకున్నప్పుడు, మనకు మొహమాటం ఎందుకు?