ఎత్తైన ఎడారి: ఒక పాత పటం

పటమనగానే మన విద్యార్థులకు దేశాల సరిహద్దులు, రాజధానులు, పరీక్షలో గుర్తించవలసిన నదులు స్ఫురిస్తాయి. స్థలాకృతి పటం తీరు వేరు. కొండ ఎత్తు, వాగు వంపు, బండ్ల బాట, బావి, ఒంటరి ఇల్లు అన్నీ అందులో ఉంటాయి. అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రపు ఆగ్నేయ మూలను చూపే పాత పటాన్ని ఇక్కడ పరిశీలిద్దాము.

ఇది ఇసుక దిబ్బల ఎడారి కాదు. సముద్రమట్టానికి సుమారు 4,000 అడుగుల ఎత్తున, చలికాలంలో మంచు కురిసే మేత నేల. అందులో స్టీన్స్ పర్వతం 9,733 అడుగుల వరకు లేస్తుంది. తూర్పువైపున గోధుమరంగు సమోన్నత రేఖలు కిక్కిరిసి ఉంటాయి. కొండ అక్కడ గోడవలె నిలిచి ఉన్నదన్నమాట. దాని పాదాన రేఖలు హఠాత్తుగా మాయమౌతాయి. అదే ఆల్వర్డ్ ఎడారి. ఏడాదికి సుమారు 7 అంగుళాల వాన. తెగిన నీలిగీతతో గీసిన ఏటిలో నీరు ఎల్లకాలం ఉండదు. ఈ గుర్తు తెలియక మందను తోలుకొనిపోయినవాని గతి ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. చిన్న ఊటకు సైతం పేరు ముద్రించడం అందుకే.

ఆ గీతలమీదుగా మైలు చదరాల గళ్లు పరచుకొని ఉంటాయి. ఇవి 1785 నాటి శాసనం ఫలితం. ఒక్కొక్క గడి 640 ఎకరాలు. కొండా లోయా వాటికి పట్టవు. 1862 హోంస్టెడ్ చట్టం ఒక్కొక్క కుటుంబానికి 160 ఎకరాలిచ్చింది. వానలు పడే తూర్పు సీమలో అది చాలును. ఇక్కడ గుప్పెడు పశువులకైనా చాలదు.

ఈ సంగతిని జాన్ వెస్లీ పవెల్ 1878లోనే తన నివేదికలో చెప్పాడు (పరీక్షకు రాదు గాని తెలుసుకోదగినది). పశుపోషణకు 2,560 ఎకరాలు కావాలనీ, హద్దులు గళ్లను గాక నీటిని అనుసరించాలనీ ఆయన వాదన. 1881లో ఆయనే ఆ దేశపు జియలాజికల్ సర్వేకు అధిపతియై స్థలాకృతి పటాల పనిని ఆరంభించాడు. చట్టసభ మాత్రం 1916లో గాని 640 ఎకరాలకు ఒప్పుకోలేదు. అదీ చాలలేదని మా అభిప్రాయం.

ఈలోగా నీటిని పట్టినవానిదే నేల అయినది. 1872లో కాలిఫోర్నియానుండి మందలతో వచ్చిన పీటర్ ఫ్రెంచ్ స్టీన్స్ పర్వతపు పడమటి లోయను చేజిక్కించుకొన్నాడు. 1897లో భూమి తగాదాలో ఒక సేద్యగాడు అతనిని కాల్చి చంపాడు. న్యాయస్థానంలో జూరీ ఆ సేద్యగానిని నిర్దోషి అన్నది. ప్రభుత్వ భూములలో మేతను క్రమబద్ధం చేసిన టేలర్ చట్టం 1934లో వచ్చింది.

పటంలో ఇంటిని సూచించే నల్లని చుక్కలను ఒక్కొక్కటిగా చూడండి. తెగని నీలిగీత ప్రక్కనున్న చుక్క ఏది, ఎండిన గడి నడుమ నిలిచిన చుక్క ఏది అని వెదకండి. వాటిలో ఏ ఇంట పొయ్యి ముందుగా ఆరిపోయి ఉంటుందో మీరే చెప్పగలరు.