కీళ్ళలో కాల్షియం స్ఫటికాలు – పాలు మానవలసిందేనా?

కొన్నేళ్ళ క్రిందటి మాట. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు మా మేనమామగారు తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి, సింహాచలం గిరిప్రదక్షిణకు బయలుదేరారు. విశాఖ ఓడరేవులో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆయనకు అప్పటికి 72 ఏళ్ళు. సుమారు 32 కిలోమీటర్ల నడక ఏ ఇబ్బందీ లేకుండా పూర్తి చేశారు. మరునాడు తెల్లవారేసరికి కుడి మోకాలు ఉబ్బిపోయింది. చర్మం ఎర్రబడి, చేయి వేస్తే వేడిగా తగిలింది. ఒళ్ళు కూడా వెచ్చబడింది.

ఇంటిల్లిపాదీ తలా ఒక వైద్యం చెప్పారు. "ఇది యూరిక్ యాసిడ్, పప్పు మానేయండి" అన్నారొకరు. "ఇసుక మూటతో కాపడం పెట్టండి" అన్నారు మరొకరు. ఆయుర్వేద వైద్యుడినైన నన్ను ఫోనులో సంప్రదించగా, రోగిని చూడకుండానే నేనూ కాపడానికి సమ్మతించాను. రాత్రికి నొప్పి రెట్టింపయింది. నా పొరపాటును దాచకుండా వ్రాయడానికి కారణం, అది మరొక ఇంట జరుగరాదనే.

మరునాడు ఆసుపత్రిలో సూదితో మోకాటి నీరు తీసి పరీక్షించారు. అందులో యూరిక్ యాసిడ్ స్ఫటికాలు లేవు. సూక్ష్మక్రిములూ లేవు. కనిపించినవి 'కాల్షియం పైరోఫాస్ఫేట్' స్ఫటికాలు. కాల్షియం అన్న మాట చెవిని పడగానే మా అత్తయ్యగారు పాలు, పెరుగు, చోడి అంబలి అన్నీ ఆపివేశారు. ఇది రెండవ పొరపాటు.

వ్యాధి స్వరూపము

కీలులో ఎముకల చివరలను మృదులాస్థి అనే నునుపైన పొర కప్పి ఉంటుంది. అందులోని కణాలు పైరోఫాస్ఫేట్ అనే పదార్థాన్ని వెలువరిస్తాయి. వయస్సు మీరిన కొందరిలో ఇది అధికమై, అక్కడి కాల్షియంతో కలిసి స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఎక్స్‌రేలో ఇవి మృదులాస్థి నడుమ సన్నని తెల్లని గీతగా కనిపించవచ్చు. చాలామందిలో ఏ బాధా కలిగించకుండా ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతాయి.

దెబ్బ తగిలినప్పుడు, శస్త్రచికిత్స జరిగినప్పుడు, జ్వరం వంటి అస్వస్థత కలిగినప్పుడు ఈ స్ఫటికాలు కీలు కుహరంలోకి రాలవచ్చు. రక్తంలోని తెల్లకణాలు వాటిని శత్రువులుగా భావించి మ్రింగబోతాయి. ఆ పోరాటమే వాపు, ఎరుపు, వేడి, నొప్పి. ఇది కొన్ని రోజుల నుండి కొన్ని వారాల వరకు ఉండవచ్చు.

1962లో అమెరికాకు చెందిన డేనియల్ మెక్‌కార్టీ, ఆయన సహచరులు ఈ స్ఫటికాలను గుర్తించి, గౌట్‌ను పోలి ఉన్నందున ఈ వ్యాధిని 'సూడోగౌట్', అనగా మిథ్యా గౌట్ అన్నారు. గౌట్ తరచుగా కాలి బొటనవ్రేలిని పట్టుకుంటుంది. ఇది ఎక్కువగా మోకాలిని, మణికట్టును ఆశ్రయిస్తుంది. గౌట్ స్ఫటికాలు సూదుల వలె ఉంటాయి, ఇవి పొట్టి పలకల వలెనో కడ్డీల వలెనో ఉంటాయి. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎంత ఉన్నదో చూసినంత మాత్రాన ఈ రెండింటి భేదం తేలదు. కీలులోని నీటిని పరీక్షించడమే నమ్మదగిన మార్గం.

కాల్షియం స్ఫటికాలలో మరొక జాతి హైడ్రాక్సీఅపటైట్. ఇది ఎక్కువగా భుజం స్నాయువులలో చేరుతుంది. ఉక్కునగరం నుండి నా వద్దకు వచ్చిన 45 ఏళ్ళ ఉద్యోగి ఒకరు హఠాత్తుగా చేయి ఎత్తలేకపోయారు. బరువులెత్తడం వల్ల నరం పట్టిందని అనుకున్నారు. ఎక్స్‌రేలో భుజం వద్ద తెల్లని ముద్ద కనిపించింది. ఇటువంటివి తరచుగా కాలక్రమంలో వాటంతట అవే కరిగిపోతాయి.

ఆయుర్వేద దృష్టి

సుశ్రుతసంహిత నిదానస్థానంలో 'క్రోష్టుకశీర్షము' అనే వ్యాధి ఉన్నది. వాతము, రక్తము కలిసి దూషితమై మోకాటి నడుమ నక్క తలవలె వాపు, తీవ్రమైన నొప్పి కలిగిస్తాయని దాని భావం. సూక్ష్మదర్శిని లేని కాలపు ఆ వర్ణనను నేటి వ్యాధితో సరిగ్గా ముడిపెట్టడం సాహసమే. కాని వాచిన కీళ్ళన్నీ ఒకే వ్యాధి కాదని మన పూర్వులు ఎరుగుదురు. ఆమవాతములో పొడి ఇసుక కాపడం విధించారు. ఎరుపు, వేడి ఉన్నచోట పిత్త రక్తముల ప్రకోపం ఉంటుంది కనుక అక్కడ ఉష్ణోపచారం తగదు. నేను మరచినది ఈ సూత్రాన్నే.

పాలు మానవలెనా?

అవసరం లేదు. ఈ స్ఫటికాలు మనం తిన్న కాల్షియం ఎక్కువై ఏర్పడినవి కావు. మృదులాస్థిలో జరిగిన మార్పు వల్ల ఏర్పడినవి. శరీరంలోని కాల్షియంలో సుమారు 99 శాతం ఎముకలలోను, దంతాలలోను ఉంటుంది. ఆహారంలో అది లోపిస్తే, రక్తంలోని పాళ్ళను నిలపడానికి పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల నుండి లాగుతాయి. కాల్షియం మానితే కీలు బాగుపడదు సరికదా, ఎముక గుల్లబారుతుంది. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మా మేనమామగారికి చోడి అంబలి, మజ్జిగ తిరిగి మొదలుపెట్టించాను. పప్పు మానవలసిన పని కూడా లేదు.

ఇంట్లో చేయదగినవి

• వాపు ఉన్నంతకాలం కీలుకు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. మర్దన, కాపడం కూడదు.
• గుడ్డలో చుట్టిన మంచుముక్కలను 10–15 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు ఉంచాలి.
• వాపు తీసిన తరువాత గోరువెచ్చని నువ్వులనూనె మృదువుగా పట్టించవచ్చు. పడుకొని మోకాలు వంచకుండా కాలు ఎత్తి దించే వ్యాయామం తొడ కండరాలకు బలమిస్తుంది.

వీటిలో ఏదీ స్ఫటికాలను కరిగించదు. ఆధునిక వైద్యంలోనూ వాటిని కరిగించే మందు లేదు. కీలులోని నీరు తీయడం, వాపు తగ్గించే మందులు ఇవ్వడమే ఉపశమన మార్గం. మూత్రపిండాల వ్యాధి, కడుపులో పుండు ఉన్నవారు నొప్పి మాత్రలను తమంతట తాము వాడరాదు.

ముఖ్య హెచ్చరిక

జ్వరంతో ఒక కీలు హఠాత్తుగా వాచి ఎర్రబడితే అది చీము పట్టిన కీలు కావచ్చు. ఆలస్యమైతే కొద్ది రోజులలోనే మృదులాస్థి నాశనమై కీలు శాశ్వతంగా చెడిపోతుంది, ప్రాణాపాయమూ కలుగవచ్చు. కనుక గృహవైద్యంతో కాలయాపన చేయక అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. 60 ఏళ్ళలోపు వారికి ఈ స్ఫటికాలు కనిపిస్తే పారాథైరాయిడ్ గ్రంథి దోషము, మెగ్నీషియం లోపము, శరీరంలో ఇనుము అధికంగా నిలువ ఉండడం వంటి కారణాలకు పరీక్షలు చేయించాలి.

మా మేనమామగారు రెండు వారాలలో కోలుకున్నారు. ఆ మోకాటిలో నిజంగా చీము పట్టి ఉంటే, నా ఫోను వైద్యానికి ఆయన ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చేదో తలచుకుంటే నేటికీ భయమే. వాచిన కీలును కళ్ళతో చూడకుండా, వ్యాధి పేరు తేలకుండా చికిత్స చెప్పరాదని నాటినుండి నియమంగా పెట్టుకున్నాను.