చక్రమే గేరైన సైకిలు

1870, 1880 దశకాలలో ఐరోపా, అమెరికా రోడ్లను ఏలి, 1890 తరువాత త్వరగా కనుమరుగైన పెన్నీఫార్దింగ్ సైకిలును, అంటే ముందు మనిషి ఛాతీ ఎత్తు చక్రమూ వెనుక చిట్టి చక్రమూ గల వాహనాన్ని, ఈనాటికీ కోరి చేయించుకొని తొక్కేవారున్నారు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో ఎవాండేల్ అనే ఊళ్ళో 1983లో వాటికి పోటీలు కూడా మొదలయ్యాయి. దీనిని పాత వస్తువుల మీది మోజుగా కొట్టిపారేయడం తేలికే గాని, ఆ ఆకర్షణకు మూలం చాలావరకు ఆ సైకిలు నిర్మాణంలోనే ఉంది.

దానికి చైను లేదు. పెడళ్ళు ముందు చక్రపు ఇరుసుకే బిగించి ఉన్నందున పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే తిరుగుతుంది కనుక, వేగం కావాలంటే చక్రాన్ని పెంచడం తప్ప ఆనాటివారికి దారి లేకపోయింది. 50 అంగుళాల వ్యాసం గల చక్రం ఒక చుట్టుకు సుమారు 4 మీటర్లు సాగుతుంది. ఇంకా పెంచితే ఇంకా సాగేదే గాని, తొక్కేవారి కాలి పొడవు దానికి హద్దు గీసింది.

అంత పెద్ద చక్రం తేలికగా ఉండడం వెనుక ఒక చక్కని ఊహ ఉంది. పరిటాల, నందిగామ మెట్ట పొలాలలో తిరిగిన ఎడ్లబండి చక్రంలో నడిమి కుంభం మీద పడిన బరువును అడుగునున్న చెక్క ఆకులు నొక్కుడుకు ఓర్చి మోస్తాయి. పారిస్‌లో యూజీన్ మేయర్, ఆ వెంటనే ఇంగ్లండులోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ వాడిన సన్నని తీగ చువ్వలకు ఆ ఓర్పు లేదు, నొక్కితే వంగిపోతాయి; అందువల్ల వాటిని ముందుగానే లాగి బిగించారు. బరువు పడినప్పుడు అడుగు చువ్వల బిగువు కొంత సడలుతుందే గాని అవి వంగేదాకా రాదు. నేటి సైకిళ్ళలోనూ జరుగుతున్నది ఇదే.

అయితే తొక్కేవారు దాదాపు ఇరుసుకు పైనే కూర్చుంటారు గనుక, చక్రానికి రాయి అడ్డుపడితే తలకిందులుగా ముందుకు పడేవారు. ఆ ప్రమాదాన్ని ఎరిగే థామస్ స్టీవెన్స్ 1884 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 50 అంగుళాల కొలంబియా సైకిలుపై ప్రపంచయాత్రకు బయలుదేరి, 1886లో లాహోరు నుంచి కలకత్తా దాకా గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద ప్రయాణించి, ఆ డిసెంబరులో యోకహామా చేరాడు. ఈలోగా 1885లో జేమ్స్ సోదరుని కుమారుడు జాన్ కెంప్ స్టార్లీ చైనుతో నడిచే రోవర్‌ను తెచ్చి ఎత్తు చక్రపు అవసరాన్నే తీసివేశాడు.

అవసరం తీరినా పెద్ద చక్రంపై మనిషికి మక్కువ తీరలేదు. హైదరాబాదులో, సుధా కార్స్ మ్యూజియం స్థాపకులు కె. సుధాకర్ నిర్మించి 2005 జూలై 1న నడిపిన మూడుచక్రాల సైకిలు 12.67 మీటర్ల ఎత్తుతో గిన్నిస్ రికార్డుకెక్కింది. దాని చక్రపు వ్యాసం 5.18 మీటర్లు. అయితే అది అబ్బురపరచడానికి పెరిగిన చక్రం, పెన్నీఫార్దింగ్‌ది కాలి కొలతకు పెరిగిన చక్రం. కాలికీ నేలకూ మధ్య చైను గాని, తొక్కకుండా దొర్లనిచ్చే ఫ్రీవీలు గాని లేకపోవడమే దానిని నేటివారికి ప్రియం చేస్తున్నదనవచ్చు.

గేరును అంగుళాలలో చెప్పే పద్ధతి కూడా ఆ చక్రం నుంచి వచ్చినదే. ముందు పళ్ళచక్రానికి 44, వెనుకదానికి 18 పళ్ళు ఉన్న 28 అంగుళాల సైకిలు, 68 అంగుళాల ఎత్తు చక్రంతో సమానం. పాఠకులు తమ సైకిలు పళ్ళు లెక్కపెట్టి, ముందువాటిని వెనుకవాటితో భాగించి, చక్రపు వ్యాసంతో హెచ్చించి చూసుకోవచ్చు.