మంచు వేళ కాలు జారకుండ

ధనుర్మాసములో ఊరు మేల్కొనకముందే పనిలోనికి దిగువారు ప్రతి పంచాయతీలోను కొందరుందురు. పారిశుద్ధ్య కార్మికులు మురుగు కాలువ గట్టు వెంబడి చెత్తబండి నడుపుదురు. నీటి సరఫరా చూచునతడు ట్యాంకు నిచ్చెన ఎక్కును. ఆ వేళకు గచ్చు, రాయి, ఇనుము అన్నియు మంచుకు తడిసియుండును. ఎండ సోకని చోట పాచి ఆరదు. అట్టి చోట జారిపడి తుంటియో మణికట్టో విరిగినచో ఆ కార్మికుడు నెలల తరబడి మంచము పట్టవలసినదే.

నేలపై మంచు గడ్డకట్టు దేశములలో ఆరుబయట పనిచేయువారు బూట్ల అడుగున ఇనుప ముళ్లుగల పట్టీలు తగిలించుకొందురు. ఆ ముళ్లు మంచుగడ్డలో దిగి పట్టునిచ్చును. అవి మనకు పనికిరావు. లంబసింగి వంటి కొండ ఊళ్లలో సయితము చలికి గడ్డిపై మంచు పేరుకొనునే గాని దారులు గడ్డకట్టవు. నున్నని గచ్చులో ముళ్లు దిగకపోగా తామే జారును.

మన నేలపై కాలు జారుటకు కారణము పలుచని నీటి పొర. అడుగు వేయగానే అది చెప్పునకు, గచ్చునకు నడుమ చిక్కుకొనును. రబ్బరు నేలను తాకదు. అడుగుభాగమున అంచుల వరకు తెరచిన లోతైన గాడులున్నచో నీరు వాటిగుండ పక్కలకు పోయి, రబ్బరు నేలను పట్టుకొనును. నడకలో ముందుగా నేలకు తగులునది మడమ వెనుక అంచు. జారుటయు సాధారణముగా అక్కడనే మొదలగును. కావున కొనునపుడు మడమ గాడులనే ముందు చూడవలెను. మెత్తని రబ్బరు గట్టి ప్లాస్టిక్కు కన్న బాగుగా పట్టును. ప్లాస్టిక్కు చలికి మరింత బిగియును. హవాయి చెప్పు మడమను పట్టియుంచదు. 2011 నాటి అంతర్జాతీయ ప్రమాణము ననుసరించిన బూట్లపై ఎస్.ఆర్.ఎ. అను గుర్తున్నచో, సబ్బునీటితో తడిపిన పలకపై జారుడు పరీక్షలో నెగ్గినవని అర్థము.

పొలము గట్లపై పుట్టి పెరిగినవారికి ఈ మాటలు వింతగా తోచవచ్చును. బురదలో వట్టికాలి వ్రేళ్లు పట్టినట్లు ఏ బూటును పట్టదు, నిజమే. కాని సిమెంటు గట్టుపై వ్రేళ్లు దిగవు. చెత్తలో గాజు పెంకులు వేరే యున్నవి.

ఒక గ్రామమునకు మేము వెళ్లినపుడు పంచాయతీ కార్యాలయపు మూలలో గమ్ బూట్లు మట్టి అంటకుండ వరుసగా నుండెను. కార్మికులలో హెచ్చుమంది స్త్రీలు. బూట్లన్నియు మగవారి కొలతవి. "ఇవి ఏసుకుంటే నేనొక దిక్కు, బూటొక దిక్కు పోతాది అయ్యా" అని ఒకామె చెప్పెను. ఆమె చెప్పినది అక్షరాల నిజము. కాలికి వదులైన బూటే మనిషిని పడవేయును. డబ్బు ఖర్చయినది, పద్దు వ్రాయబడినది, కార్మికులు మాత్రము పాత చెప్పులతోనే కాలువ గట్టెక్కుచున్నారు.

కావున కార్తీకములోనే ప్రతి కార్మికుని, కార్మికురాలి పాదమును కాగితముపై గీయించి, మేజోడు తొడిగించి, కొలత సరిచూచి కొనవలెను. సాయంకాలమునకు పాదము కొంచెము ఉబ్బును గనుక అప్పుడు కొలుచుట మేలు. తడిసిన బూట్లను బోర్లించి నీడన ఆరబెట్టవలెను. పొయ్యి దగ్గర పెట్టినచో రబ్బరు పగులును. బురద అంటిన బూటుతో నిచ్చెన ఎక్కరాదు. గాడులు పూడిన బూటు నున్నని బూటే.

పాచిపై మాత్రము ఎంత మంచి బూటునైనను నమ్మరాదు. కుళాయి కారుట మాన్పించి, బ్లీచింగు పొడి చల్లి గట్టిగా రుద్ది కడిగించవలెను. కొత్త గట్లు కట్టించునపుడు సిమెంటును నున్నగా మెత్తింపక, తడిగా నుండగనే చీపురుతో అడ్డముగా గీయించిన చాలును; ఇందుకు అదనపు ఖర్చు లేదు.

మడమ క్రింద రెండు రూపాయి బిళ్లలు పక్కపక్కన పెట్టినంత మేర గాడులు చెరిగినచో ఆ జతను మార్చవలెను. ఇందుకై కార్మికులు అర్జీలు పెట్టి తిరుగనక్కరలేకుండ, సభ్యులలో ఒకరు నెలకొకసారి బూట్లు తిరగవేసి చూచుటకు పంచాయతీ తీర్మానము చేయవచ్చును.