ఓవెన్ మడ్డిని వంటసోడా ఎలా వదిలిస్తుంది?

కేకులు చేసే ఓవెన్ లోపలి గోడలకు అంటుకున్న నల్లటి మడ్డిని గోటితో గీకి చూడండి. జిడ్డుగా ఉండదు, వార్నిష్ పూసినట్టు గట్టిగా తగులుతుంది. చిందిన నూనె 200 డిగ్రీల వేడికి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, దాని అణువులు ఒకదానికొకటి ముడిపడి అలా బిగుసుకుపోతాయి. అందుకే ఉత్త నీళ్లకు అది కదలదు. ఘాటైన ఓవెన్ క్లీనర్లు చాలావాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది. అది కొవ్వును సబ్బుగా మార్చేస్తుంది, ఒంటిమీద పడితే చర్మాన్నీ కాలుస్తుంది. వంటసోడాదీ క్షార గుణమే గానీ చాలా మృదువైనది. దాని పీహెచ్ 8 పైచిలుకు, కాస్టిక్ సోడా ద్రావణానిది 13-14 దాకా పోతుంది. బలం తక్కువ కాబట్టి సమయం ఎక్కువివ్వాలి. నీళ్లతో ముద్దగా కలిపి, చల్లారిన ఓవెన్‌కు పట్టించి రాత్రంతా వదిలేస్తే మడ్డి నాని మెత్తబడుతుంది. పొద్దున తడిగుడ్డతో రుద్దేటప్పుడు సోడా పలుకులూ సాయపడతాయి.

వెనిగర్ కలిపితే బుసబుసా పొంగుతుంది కదా, అది ఇంకా మంచిది కాదా? చూడ్డానికి బాగుంటుంది, అంతే! ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి, సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు మిగులుతాయి. వెనిగర్ పని ఆఖర్న, తెల్లటి సోడా చారలు తుడవడానికి. ఇంత ఓపిక ఎవరికుందంటారా? నిజమే, ఏళ్లనాటి పొరకు రెండు మూడుసార్లు పట్టించాల్సి రావచ్చు. మైక్రోవేవ్‌కు ఇంత శ్రమ అక్కర్లేదు. దాని గోడలు అంతగా కాగవు, నిమ్మచెక్క వేసిన నీటి ఆవిరికే మరకలు నానుతాయి. ఓవెన్ తుడిచేముందు మాత్రం ప్లగ్ తీసేయండి, వేడిచేసే కడ్డీలకు సోడా తగలనివ్వకండి.